బల్ల ఆపిన ఆదివారం

ఆ ఆదివారం నేను ఒక అమ్మాయికి బల్ల ఆపాను. ఆపే అధికారం నాకు లేదు, ఆపవలసిన కారణమూ లేదు. ఆమె చెయ్యి చాపింది. నేను పళ్లెం నా వైపుకు లాక్కుని పక్క మనిషి ముందు పెట్టాను. తరువాత వెనక్కి వెళ్లి నిలబడి అందరితో పాటు పాట కూడా పాడాను.

ప్రభువు రాత్రి భోజన సంస్కారాన్ని మా కోస్తా సంఘాల్లో బల్ల అంటాం. నెలలో మొదటి ఆదివారం ఆరాధన చివర ఒక రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం ఇస్తారు. బాప్తిస్మం పొందినవాళ్లే తీసుకోవాలి. పొందినవాళ్లలో కూడా ఎవరైనా దారి తప్పారని సంఘానికి తెలిస్తే, పెద్దలు కూర్చుని మాట్లాడి కొన్నాళ్లు వాళ్లకు బల్ల ఆపుతారు. ‘ఫలానా వాళ్ల అమ్మాయికి బల్ల ఆపారంట’ అనే మాట ఒకసారి పుడితే, ఆ పిల్ల పెళ్లి మాటల దాకా వెంటే వెళుతుంది. నా చిన్నప్పుడు మా వీధిలో ఒకామెకు అలా ఆపారు. ఆమె మొదటి ఆదివారం కూడా మానకుండా చర్చికి వచ్చేది. సరిగ్గా బల్ల వేళకు లేచి బయటికి వెళ్లి, పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటూ నిలబడేది. లోపల అందరూ తీసుకునేదాకా కడుక్కుంటూనే ఉండేది. ఆ పంపు చప్పుడు లోపలికి వినబడేది.

ఇదంతా ఎరిగినవాణ్ని నేను.

కెనడాలోని విన్నిపెగ్‌లో మా తెలుగు సహవాసం ఒక పాత చర్చి బేస్‌మెంట్‌లో జరుగుతుంది. పొద్దున పై అంతస్తులో ఇంగ్లీషు ఆరాధన ఉంటుంది. తెల్లజుట్టు మనుషులు కొద్దిమంది పెద్ద పెద్ద బెంచీల్లో ఒకరికొకరు దూరంగా కూర్చుంటారు. వాళ్లు కోట్లు తొడుక్కుని వెళ్లిపోయాక కింద మేము మొదలుపెడతాం. నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో మా తెలుగువాళ్లం ఒకరి ఇంటి సోఫాల మీద సరిపోయేవాళ్లం. తరువాత స్టూడెంట్లు రావడం మొదలైంది. కాలేజీలు చేర్చుకునే ప్రతి ఇన్‌టేక్‌కీ కొత్త ముఖాలు. పల్చటి జాకెట్లు, వీపున బ్యాగులు, ‘అంకుల్, రూమ్ ఏమైనా ఉందా’, ‘అంకుల్, పార్ట్‌టైమ్ ఎక్కడైనా చెబుతారా’ అనే ప్రశ్నలు. హాల్లో కుర్చీలు చాలక పైనుంచి మోసుకొచ్చేవాళ్లం. గుమ్మం దగ్గర బూట్లు గుట్టగా పడి, వాటికి అంటిన మంచు కరిగి, ఉప్పునీళ్లు నేలమీద చారలు కట్టేవి.

వచ్చేవాళ్లందరూ క్రైస్తవులు కారు. రూమ్మేట్ వెంట వచ్చేవాళ్లు, నాలుగు తెలుగు మాటలు వినాలని వచ్చేవాళ్లు, ఆరాధన తరువాత పెట్టే అన్నం, కోడికూర కోసం వచ్చేవాళ్లు ఉండేవారు. మాకు అది సంతోషమే. ఒకసారి మాత్రం ముగ్గురు నలుగురు కుర్రాళ్లు బల్ల వేళ ద్రాక్షరసం తీర్థంలా కళ్లకు అద్దుకుని తాగారు. ఒకడు ఇంకొంచెం ఉందా అని నన్నే అడిగాడు. ఆ రోజు నవ్వుకున్నాం. కానీ తరువాత ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పడంతో పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, కొంచెం చూసి ఇవ్వండి బ్రదర్ అన్నారు. ఆయన మామూలుగా అన్న మాట అది. నేను దాన్ని పదవిలా తీసుకున్నాను.

నేను ఆసుపత్రి లేబొరేటరీలో పని చేస్తాను. పగలంతా రక్తం నమూనాలతో, మిషన్లతో గడుస్తుంది. నా భార్య పోయాక ఇంట్లో మాట లేదు. మా అమ్మాయి వేరే రాష్ట్రంలో, కిచెనర్ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది, ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది. నాకు చరిత్ర పిచ్చి మొదటినుంచీ ఉంది. భార్య ఉన్నప్పుడు ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన నిలబడి, రోము చక్రవర్తులు క్రైస్తవం పుచ్చుకున్నాక సంఘం ఎలా మారిందో చెప్పేవాణ్ని. ఆమె వింటూ వింటూ, ఆ రాజుగారిని కాసేపు కూర్చోబెట్టి ముందు ఈ కుక్కర్ దించండి అనేది. ఆమె పోయిన ఏడాది ఎవరికీ ఏమీ చెప్పలేదు. మరుసటి ఏడాది, ఆరాధనకు ముందు స్టూడెంట్ల కోసం క్రైస్తవ చరిత్ర మీద క్లాసు చెబుతానని నేనే అడిగి తీసుకున్నాను.

పిల్లల మేలు కోసమే అన్నాను. ఒంటరితనానికి మందుగా పెట్టుకున్నానని అనలేదు. శనివారం సాయంత్రాలు ఆ క్లాసు కోసం చదువుకుంటూ గడిపేవాణ్ని. ఆదివారం ఆ కుర్చీల ముందు నిలబడి మాట్లాడుతుంటే నేను ఇంకా ఎవరికో కావలసినవాణ్ని అనిపించేది. వాళ్లు వినడం నాకు ఇష్టం. వాళ్లెవరో, ఏ ఊరివాళ్లో, ఏం తింటున్నారో కనుక్కోవాలని మాత్రం తోచేది కాదు. క్లాసు అయ్యాక ఎవరైనా సొంత కష్టం చెప్పబోతే గడియారం చూసుకునేవాణ్ని.

ఆ ఆదివారం క్లాసు బల్ల గురించే. మొదటి విశ్వాసులకు గుడులు లేవని చెప్పాను. ఇళ్లలో, భోజనాల గదుల్లో కూడుకునేవారు. యజమాని, బానిస ఒకే రొట్టె తుంచుకోవడం చూసి ఊళ్లోవాళ్లు విడ్డూరంగా చెప్పుకునేవారు. కొరింథు పట్టణంలో డబ్బున్నవాళ్లు ముందే వచ్చి తినేసి, రేవులో పని ముగించుకుని వచ్చే కూలివాళ్లకు ఏమీ మిగల్చకపోతే, అపొస్తలుడు వాళ్లకు కోపంగా ఉత్తరం రాయవలసి వచ్చింది. క్రమంగా కడుపునిండా తినే భోజనం చిన్న ముక్కగా మారింది. ఇంటి బల్ల రాతి పీఠమైంది. పీఠానికీ జనానికీ మధ్య కటకటాలు వచ్చాయి. బాప్తిస్మం కానివాళ్లను బయటికి పంపి తలుపులు వేసిన రోజులు కూడా ఉన్నాయి. రొట్టె గురించిన వాదాలతోనే యూరప్‌లో సంఘాలు చీలిపోయాయి. చీలినవాళ్లలో కొందరు కెనడా చేరారు. వాళ్ల పిల్లల పిల్లలు ఓడలెక్కి మన కాకినాడ తీరానికి వచ్చారు. ఇప్పుడు ఆ తీరం పిల్లలు మళ్లీ ఈ దేశం వచ్చి, వాళ్ల చర్చిల కింద అంతస్తుల్లో కూర్చున్నారు. ఆ మాటకు పిల్లలు నవ్వారు.

చివరికి గ్లాసు సంగతి చెప్పాను. మా తాత చిన్నప్పుడు వాళ్ల సంఘంలో అందరికీ ఒకటే గిన్నె ఉండేదట. ఊరి చివరి వాళ్లు ముందు నమ్మారు, ఊరి మధ్య వాళ్లు తరువాత వచ్చారు. ఎవరి పెదవులు ముందు తగలాలన్న దగ్గర పేచీ వచ్చింది. కొందరు జబ్బు వంకతో ఆ ఆదివారాలు మానేసేవారు. ఆ తరువాత విదేశం నుంచి చిన్న గ్లాసులు వచ్చాయి. శుభ్రత కోసమని చెప్పారు. శుభ్రత మాట నిజమే గానీ, ఆ గ్లాసులు చూసి కొందరి ప్రాణం కుదుటపడిన కారణం వేరని మా తాత అనేవాడు. ఇది చెప్పి, ఈ రోజు గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడు అది ఎందుకంత చిన్నదో ఆలోచించండి అన్నాను. హాలు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం నాకు ఎంత నచ్చిందో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

వెనక వరుసలోంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. సన్నగా, జ్వరం పడి లేచినట్టు ఉంది. బైబిల్ స్త్రీల గురించి చెప్పరా అంకుల్ అని అడిగింది. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు చదువూ వాక్యమూ చెప్పిన మన తెలుగు స్త్రీలను ఆ రోజుల్లో అలా అనేవారు. ఆ మాట సంఘంలో పుట్టి పెరిగిన ఇంట్లో తప్ప వినబడదు. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె ఎవరో నాకు తెలిసి ఉండాల్సింది. నేను టైమైపోయిందమ్మా, ఇంకోసారి చూద్దాం అన్నాను.

ఆరాధన జరిగింది. పాస్టరు గారు ప్రార్థన చేసి పళ్లేలు సంఘ పెద్దలమైన మా చేతికిచ్చారు. నేను ఎడమవైపు వరుసలు తీసుకున్నాను. వెనక వరుసకు వచ్చేసరికి ఒక చెయ్యి ముందుకు వచ్చింది. మణికట్టుకు ఎర్ర దారం కట్టి ఉంది. గుళ్లో పూజ చేయించి కట్టుకునే దారం. నేను దారం చూశాను, అంతే. నుదుటి వైపు చూడలేదు, ముఖం చూడలేదు. చూసి ఇవ్వమన్న మాట గుర్తొచ్చింది. మునుపు కళ్లకు అద్దుకున్న కుర్రాళ్లు గుర్తొచ్చారు. పళ్లెం వెనక్కి లాక్కున్నాను. ఆ చెయ్యి కాసేపు అక్కడే గాలిలో ఉండి, తరువాత ఒళ్లోకి వెళ్లిపోయింది.

భోజనాల దగ్గర నేను కూర వడ్డిస్తుంటే ఇంకో అమ్మాయి వచ్చి నా ఎదురుగా నిలబడింది. కరీంనగర్ పిల్ల. హిందువు. రూమ్మేట్ వెంట అప్పుడప్పుడూ వచ్చేది.

“అంకుల్, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మా దాన్ని ఎందుకు ఇడిసిపెట్టిన్రు?”

ఎవరమ్మా అన్నాను.

“నా రూమ్మేట్. అందరికిచ్చిన్రు, దానికియ్యలే. తినకుంటనే డ్యూటీకి పోయింది, ఏడ్సుకుంట.”

బాప్తిస్మం ఉన్నవాళ్లకే ఇస్తామనీ, చేతికి దారం చూసి పొరపడ్డానేమోననీ ఏదో గొణిగాను.

“దారం నాది అంకుల్. దానికి జరమొచ్చి లేవకపోతే, మా అమ్మ పంపింది నేనే కట్టిన. నా మనసు నొస్తదని వద్దనలే. రోజు పొద్దుగాల మోకాళ్ల మీద కూసొని ప్రార్థన చేస్తది, మాకు అలారం పెట్టుకునే పనే లేదు.” తన పళ్లెం నా వైపు కొంచెం వంచి చూపింది. “నేను హిందువునే. నాకు కూర రెండుసార్లు ఏసిన్రు.”

ఆమె గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. ఆ రూమ్మేట్ పని చేసే చోటు ఎక్కడని అడిగి తెలుసుకున్నాను. పోర్టేజ్ అవెన్యూ మీద కాఫీ షాపు. అక్కడికి వెళ్లవలసింది. వెళ్లలేదు. ఇంటికి వెళ్లాను. అది ఆ రోజు నేను చేసిన రెండో తప్పు. గరాజ్‌లో కారు ఆపి, ఇంజన్ కట్టేసి, దిగకుండా కూర్చున్నాను. ఎవరూ పెద్దగా గమనించి ఉండరులే అని, వచ్చే నెల మళ్లీ బల్ల ఉంటుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

అప్పుడే మా అమ్మాయి ఫోన్ వచ్చింది. నా గొంతు వినగానే ఏమైందని అడిగింది. చెప్పాను. చెబుతూ చెబుతూ దారం సంగతి కొంచెం పెద్దది చేసి, నా సంగతి కొంచెం చిన్నది చేసి చెప్పానని నాకే తెలుస్తోంది.

“డిడ్ యూ ఆస్క్ హర్, నాన్నా?”

ఆరాధన మధ్యలో అడగడం ఎలా కుదురుతుందమ్మా అన్నాను.

“మామ్ వుడ్ హావ్ ఆస్క్డ్,” అంది.

మా అమ్మాయి చర్చికి రావడం మానేసి చాలా ఏళ్లయింది. మానేసినప్పుడు నేను కోప్పడ్డాను, వాక్యాలు చెప్పాను, ఆమె తల్లి చేత చెప్పించాను. ఎందుకు మానేశావని మాత్రం అడగలేదు. ఆ సంగతి ఆమె ఇప్పుడు ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువ వినబడింది. కారు మళ్లీ స్టార్ట్ చేశాను.

కాఫీ షాపులో లైను ఉంది. నా వంతు వచ్చేసరికి ఆ అమ్మాయి తల ఎత్తకుండానే, హాయ్, వాట్ కెన్ ఐ గెట్ యూ అంది. క్లాసులో బైబిల్ స్త్రీల గురించి అడిగిన పిల్లే. తల ఎత్తి నన్ను చూసి ఆగిపోయింది. ఒక టీ అన్నాను. వెనక మనిషి దగ్గాడు. నీ బ్రేక్ ఎప్పుడమ్మా, కూర్చుంటాను అన్నాను. ఆమె టీ కప్పు ఇచ్చి, ఇంకాసేపు అవుద్దండి అంది.

కిటికీ పక్కన కూర్చున్నాను. బయట వెలుగు అప్పుడే పలచబడుతోంది. ఆమె ఏప్రాన్ విప్పకుండానే వచ్చి ఎదురుగా కూర్చుంది. క్షమించమ్మా అన్నాను. పర్లేదు అంకుల్ అంది. మళ్లీ చెప్పాను. మళ్లీ పర్లేదంది. పెద్దవాళ్లు క్షమాపణ అడిగితే పిల్లలు అలాగే అంటారు, అనక ఏం చేస్తారు. అందుకని అడగవలసినవి అడిగాను, ఇంత ఆలస్యంగా. సామర్లకోట దగ్గర పల్లెటూరు. నాన్న లేడు. అమ్మ అంగన్‌వాడీలో పని చేస్తుంది. పద్దెనిమిదేళ్లప్పుడు ఊరి కాలవలో బాప్తిస్మం తీసుకుంది. కెనడా వచ్చిన దగ్గరనుంచీ మొదటి ఆదివారాలు డ్యూటీ పడుతూ బల్లకు రాలేకపోయింది. ఈ వారం ఒక పంజాబీ అమ్మాయిని బతిమాలి షిఫ్టు మధ్యాహ్నానికి మార్పించుకుంది.

అప్పుడు చూశాను, ఆమె మణికట్టు మీద దారం లేదు. అది ఉన్నచోట ఎర్రగా గీత ఉంది.

“బస్సులో తెంపేశానండి,” అంది నా చూపు గమనించి. “పళ్లతో. అది కట్టిన పిల్లకి ఇప్పుడు ఏం చెప్పాలో తెలియట్లేదు.”

ఆమె టేబుల్ మీద ఎవరో ఒలకబోసిన పంచదార వేలితో ఒక చోటికి చేరుస్తోంది.

“అమ్మ లేవగానే ఫోన్ చేస్తుందండి. బల్ల తీసుకున్నావా అని అడుగుతుంది. ఇన్నాళ్లూ ఏదో చెప్పి దాటేశాను. ఈ వారం తప్పకుండా అని మాటిచ్చాను. తీసుకున్నానని అబద్ధం చెప్పనా? పెద్దలు ఆపేశారని చెప్పనా? ఆపేశారంటే అమ్మ ఏమనుకుంటుందో మీకు తెలుసు కదండీ. మా పక్క ఊరి అబ్బాయి అక్కడ మా వరుసలోనే కూర్చున్నాడు. నేను చెప్పకపోయినా వాళ్లమ్మకి వాడు చెప్పేస్తాడు.”

నాకు తెలుసు. ఆ పంపు దగ్గర కాళ్లు కడుక్కున్న ఆమె ఏం చేసిందో ఊళ్లో ఎవరికీ ఖాయంగా తెలియదు. తెలియక ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు. దూరదేశంలో ఒంటరిగా ఉన్న ఆడపిల్ల గురించి ఏమేం చెప్పుకుంటారో ఊహించుకోవడానికి నాకు పెద్ద కష్టం కాలేదు. పొద్దున క్లాసులో నేను లెక్కపెట్టి చెప్పినవాళ్లందరూ, కటకటాలు కట్టినవాళ్లు, తలుపులు వేసినవాళ్లు, గిన్నె ముందు మొహం తిప్పుకున్నవాళ్లు, వాళ్లందరి వెనకా లైనులో చివర నేను నిలబడి ఉన్నాను.

అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను మాట్లాడతానని చెప్పాను. నీ షిఫ్టు అయ్యేసరికి వచ్చి ఇంటి దగ్గర దింపుతాను అన్నాను. ఆమె సరేనన్నట్టు తలూపి లోపలికి వెళ్లింది. నమ్మినట్టు లేదు.

అక్కడినుంచి పాస్టరు గారింటికి వెళ్లాను. ఆయన నాకంటే చిన్నవారు. వారమంతా వేర్‌హౌస్‌లో పని చేసి ఆదివారం మాకు వాక్యం చెబుతారు. అంతా విని, చూసి ఇవ్వమన్నది నేనే కదా బ్రదర్ అన్నారు. మీరు చూడమన్నారు, నేను చూడలేదు అన్నాను. ఊళ్లో మంచం పట్టినవాళ్లకు ఇంటికి తీసుకెళ్లి బల్ల ఇస్తారు. అలాగే ఈ సాయంత్రం ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి ఇద్దామని అడిగాను. లోలోపల నాకు అదే సుఖం. నలుగురికీ తెలియకుండా సరిపోతుంది.

ఆయన తల అడ్డంగా ఊపారు. “ఇంటికెళ్లి ఇస్తే దొంగచాటుగా ఇచ్చినట్టుంటుంది బ్రదర్. అందరిముందు ఆపారు. అందరిముందే ఇవ్వాలి. వచ్చే ఆదివారం మళ్లీ బల్ల పెడదాం.”

మొదటి ఆదివారం కాదు కదా, మిగతా పెద్దలు ఎందుకని అడుగుతారేమో అన్నాను.

“అడుగుతారు. మీరు చెబుతారు,” అన్నారు.

ఏడు దాటాక ఆ అమ్మాయిని కారెక్కించుకున్నాను. పార్కింగ్ లాట్‌లో హీటర్ వేడెక్కే వరకూ ఆగాం. అద్దం మీద మంచు ఇంకా కరగకముందే ఫోన్ మోగింది. ఆమె స్పీకర్‌లో పెట్టింది. తల్లి ముందుగా జ్వరం తగ్గిందా అని అడగలేదు, తిన్నావా అని అడగలేదు. బల్ల తీసుకున్నావా అమ్మా అని అడిగింది. ఆ పిల్ల నా వైపు చూసింది. ఫోన్ అందుకున్నాను. నేను ఇక్కడి సంఘ పెద్దనండి అన్నాను.

అవతల ఎక్కడో వాకిలి ఊడుస్తున్న చప్పుడు.

“మా పిల్ల ఏం తప్పు చేసిందండీ, అయ్యగారూ?”

“పాప ఏ తప్పూ చెయ్యలేదమ్మా. నేను చేశాను.”

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఈసారి దారాన్ని పెద్దది చెయ్యలేదు. జ్వరం వచ్చినప్పుడు స్నేహితురాలు ప్రేమతో కట్టిందని, మీ పిల్ల ఆమె మనసు నొప్పించలేకపోయిందని, నేను ఒక్క మాట అడగకుండా పళ్లెం లాక్కున్నానని చెప్పాను. వచ్చే ఆదివారం సంఘం ముందు ఈ మాటే చెబుతాననీ, ఎవరైనా మీ చెవిన ఇంకోలా వేస్తే నా నంబరు ఇచ్చి నన్ను అడగమనండి అనీ చెప్పాను.

ఆమె అంతా వింది. తరువాత, మీకూ ఆడపిల్ల ఉందా అండీ అని అడిగింది. ఒక్కతే అమ్మా అన్నాను.

“అయితే ఇంకెప్పుడూ చెయ్యరులెండి,” అంది.

దారి పొడుగునా ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏడుస్తోందో నిద్రపోతోందో నేను చూడలేదు. ఇంటి దగ్గర ఆ కరీంనగర్ అమ్మాయి పక్క గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. ఈ పిల్ల కారు దిగుతూనే చెయ్యి చూపించి, తెంపేశానే, సారీ అంది. ఆమె చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. తెంపితే తెంపినవ్ తియ్, జరం తగ్గింది, దాని పనైపోయింది అని లోపలికి తీసుకుపోయింది. నేను కారులోంచి దిగకుండానే వెనక్కి తిరిగాను.

ఆ వారం నాకు చాలా పొడుగ్గా గడిచింది. పెద్దల్లో ఒకాయన ఫోన్ చేసి, మొదటి ఆదివారం కాకుండా బల్ల పెట్టడం మన పద్ధతి కాదు కదా అన్నాడు. నా మూలంగానే అన్నాను. మరి ఆ దారం సంగతో, అది మాత్రం మంచిదా అన్నాడు. దాని గురించి ఆమెను ఒక్క మాట అడిగి ఉంటే ఈ ఫోన్ అవసరం ఉండేది కాదు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేను వాదించలేదు కూడా. బుధవారం మా అమ్మాయికి నేనే ఫోన్ చేశాను, ఆదివారం దాకా ఆగకుండా. చర్చి ఎందుకు మానేశావమ్మా అని అడిగాను. చాలాసేపు చెప్పింది. ఇంగ్లీషులో చెప్పింది. మధ్యలో మాట్లాడకుండా విన్నాను. ఆమె చెప్పింది ఇక్కడ రాసే హక్కు నాకు లేదు.

ఆదివారం క్లాసు చెప్పలేదు. ఆరాధన మధ్యలో పాస్టరు గారు నా వైపు చూస్తే లేచి ముందుకు వెళ్లాను. మాట్లాడటం నాకు కొత్త కాదు, అదే చోటు, అవే కుర్చీలు. అయినా ఈసారి కుర్చీ వీపు పట్టుకుని మొదలుపెట్టాను. పోయిన వారం ఇదే హాల్లో బాప్తిస్మం పొందిన ఒక విశ్వాసికి నేను నా సొంత పొరపాటు వల్ల బల్ల ఇవ్వలేదని, పెద్దలెవరూ ఆమెకు బల్ల ఆపలేదని, ఆమె వల్ల ఏ దోషమూ లేదని చెప్పాను. పేరు చెప్పలేదు. చెప్పొద్దని ఆమె అడిగింది. ఎవరైనా ఊరికి ఇంకోలా చెప్పి ఉంటే ఈ రోజే ఫోన్ చేసి సరిచెయ్యమని అడిగాను. వెనక వరుసలో ఒక కుర్రాడు తల వంచుకున్నాడు. తరువాత, మన పద్ధతి ప్రకారం తప్పు చేసినవాళ్లకు బల్ల ఆపుతాం కాబట్టి ఈ వారం నేను తీసుకోననీ, పళ్లెం ఇంకెవరైనా మొయ్యాలనీ చెప్పాను. ఒకావిడ పమిట కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ వారం ఫోన్‌లో అభ్యంతరం చెప్పిన పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఎటో చూస్తున్నాడు. నా చోట పళ్లెం మొయ్యడానికి చివరికి లేచింది ఆయనే.

నేను వెళ్లి చివరి వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. పక్కన ఆ కరీంనగర్ పిల్ల ఉంది. ఆమెకు అవతల ఆ అమ్మాయి. పెద్దాయన మా వరుసకు వచ్చి, ఆ అమ్మాయి ముందు ఆగి, పళ్లెం కొంచెం కిందకు వంచి పట్టుకున్నాడు. ఆమె రొట్టె ముక్క తీసుకుంది. గ్లాసు తీసుకుంది. తల వంచుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది.

పళ్లెం మా ఇద్దరి ముందు నుంచి దాటి వెళ్లిపోయింది. కరీంనగర్ పిల్ల నా వైపు ఒరిగి, గొంతు తగ్గించి, మీరు తీసుకోరా అంకుల్ అని అడిగింది.

ఈ వారం లేదమ్మా అన్నాను.

ఆమె తన బ్యాగు తీసి కింద పెట్టి, నేను సరిగ్గా కూర్చోవడానికి కుర్చీ కొంచెం అటు జరుపుకుంది. మిగతా హాలంతా గ్లాసులు ఎత్తే వేళకు మేమిద్దరం ఒట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం.